మందుల షాపు లెక్కలకు ఏది మేలు: పోస్ట్‌గ్రెస్సా, మాంగోడీబీనా?

మందుల షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. డేటాని పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో వరుసలు, కాలమ్‌లున్న టేబుళ్లలో పెట్టాలా, మాంగోడీబీ లాంటి దాంట్లో డాక్యుమెంట్లుగా పెట్టాలా? నా ఓటు టేబుళ్లకే. అవి దెబ్బకొట్టే చోట్లు తెలిసే చెబుతున్నాను.

మాంగోడీబీలో ఒక బిల్లు అంటే ఒక డాక్యుమెంటు. కొన్నవాళ్ల పేరు, మందులు, బ్యాచ్ నంబర్లు, రేట్లు అన్నీ అందులోనే. కొత్త ఫీల్డు కావాలంటే రాసేయడమే. మొదట్లో చాలా హాయి. కొన్నాళ్లకు పాత బిల్లుల్లో ఆ ఫీల్డు ఉండదు, కొన్నింట్లో పేరు వేరేగా ఉంటుంది, ఆ తేడాలన్నీ మన కోడే మోయాలి.

ఇప్పుడు ఫలానా బ్యాచ్ వెనక్కి పంపమని కంపెనీ నుంచి కబురొచ్చింది. అది ఏ ఇన్వాయిస్ మీద వచ్చింది, ఎవరెవరికి అమ్మాం, స్టాకు ఎంత మిగిలింది? టేబుళ్లు సరిగ్గా విడగొట్టి ఉంటే ఒక్క క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) చాలు, బిల్లు కొట్టిన రోజున ఈ ప్రశ్న ఎవరి బుర్రలో లేకపోయినా సరే. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన పేపర్ సారం ఇదే: డేటా లోపల ఎలా అమరి ఉందో అడిగేవాళ్లకు తెలియనక్కర్లేదు. డేటాని చెట్టు కొమ్మల్లా అమర్చే ఐఎంఎస్ లాంటి అప్పటి సిస్టమ్‌లలో ప్రోగ్రామరే చెట్టు దిగినట్టు కొమ్మకొమ్మా పట్టుకుని డేటా దగ్గరికి పోవాలి. మాంగోలోనూ లోపలి ఫీల్డుకి ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) వేయొచ్చు, లుకప్ అనే సదుపాయంతో వేర్వేరు డాక్యుమెంట్లను కలపొచ్చు. కానీ అన్నీ బిల్లు లోపల గుదిగుచ్చాక, బిల్లు వైపు నుంచి కాక వేరే వైపు నుంచి అడిగే ప్రతి ప్రశ్నకీ శ్రమ పెరుగుతుంది.

ఇక టేబుళ్ల గోతులు. అన్నిటికన్నా లోతైనది నల్, అంటే విలువ నింపని గడి. ‘ఒక్కటీ అమ్ముడుపోని బ్యాచ్‌లు చూపించు’ అని, ‘ఈ జాబితాలో లేనివి’ అనే అర్థమున్న నాట్ ఇన్‌తో క్వెరీ రాశాం. అమ్మకాల టేబుల్లో ఎక్కడో ఒకే ఒక్క వరుసలో బ్యాచ్ నల్‌గా ఉంది. అంతే, ఫలితం సున్నా వరుసలు. ఎర్రర్ కూడా రాదు. అల్మారాలో దుమ్ముపట్టిన పెట్టెలు కళ్లెదుటే ఉంటాయి, రిపోర్టు మాత్రం ఖాళీ. నల్ అంటే ‘తెలియదు’ కాబట్టి, ఏ బ్యాచ్ అయినా దానికి సమానం కాదని డేటాబేస్ తేల్చి చెప్పలేకపోతుంది, అందుకే దేన్నీ చూపించదు. ‘అలాంటి వరుస ఉందా లేదా’ అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఇది తప్పుతుంది. ఆ కాలమ్‌ని మొదటి రోజే నాట్ నల్ (ఖాళీ వదలకూడదు) చేసి ఉంటే అసలు ఈ తిప్పలే ఉండవు.

రెండోది, ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు అనే కట్టు) పెట్టాం కదా అన్న ధీమా. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పద్ధతి రీడ్ కమిటెడ్: ఇతరులు ఖాయం చేసిన మార్పులే మనకు కనబడతాయి, కానీ మనం చదివినదాన్ని ఆలోపు ఇంకొకరు మార్చకుండా అది ఆపదు. రెండు కౌంటర్లూ ఒకేసారి స్టాకు చదివి, ‘ఒకటుంది’ అనుకుని, రెండూ సున్నా అని రాస్తే ఒకే స్ట్రిప్పు ఇద్దరికి బిల్లవుతుంది. చదివి లెక్కకట్టి రాయడం కాదు, స్టాకు ఉంటేనే తగ్గించమని ఒకే అప్‌డేట్‌లో చెప్పాలి.

మరి మాంగో ఎక్కడ మేలు? ఒక్కో రికార్డు ఒక్కో ఆకారంలో వచ్చి, ఎప్పుడూ మొత్తంగానే చదివే చోట, డేటాని చాలా మెషీన్లకు పంచాల్సిన చోట. మందుల షాపుకి అంత అవసరం రాదు. బీపీ మెషీన్, మోకాలికి తొడిగే నీ క్యాప్ లాంటి వాటికి ఒక్కోదానికి ఒక్కో రకం వివరాలు ఉంటాయంటారా? 2014 నుంచి పోస్ట్‌గ్రెస్‌లోనే జేసన్‌బీ ఉంది, అంటే డాక్యుమెంటు లాంటి డేటాని పెట్టుకునే కాలమ్ రకం. ఆ వివరాలు అందులో వేయండి. బ్యాచ్, గడువు తేదీ, ధర, స్టాకు మాత్రం కాలమ్‌లలోనే ఉంచండి.