స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్‌కు వెళ్తున్నారా? టికెట్ ఎక్కడ కొంటున్నారో ఒక్కసారి చూసుకోండి

ఈ వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను స్కాన్సెన్ అనే ఆరుబయట మ్యూజియానికి తీసుకెళ్దామనుకుంటున్న తెలుగువాళ్లందరికీ ఒక మాట. టికెట్ల కోసం ఫోనులో వెతికినప్పుడు అన్నిటికంటే పైన వచ్చే లింకును నొక్కకండి. నేను నొక్కాను. ఆరుగురం గేటు బయట గంటకు పైగా ఎండలో నిలబడ్డాం. ఒకే రోజుకు రెండుసార్లు డబ్బు కట్టాం.

మా నాన్న నలభై ఏళ్లు వడ్రంగి పని చేశారు. స్వీడన్ నలుమూలల నుంచి పాత ఇళ్లను దూలం దూలంగా విప్పి తెచ్చి, యూర్గోర్డెన్ దీవి మీద తిరిగి నిలబెట్టిన మ్యూజియం ఉందని చెప్పినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. ఆర్థర్ హాజేలియస్ అనే ఆయన 1891లో దీన్ని ప్రారంభించారని, ఇప్పుడు 150కి పైగా కట్టడాలు ఉన్నాయని చదివి చెప్పాను. “దుంగల మూలలు ఎలా కలిపారో దగ్గరగా చూడాలి” అన్నారు. ఆ ఒక్క కోరిక కోసమే ఆ శనివారం సెలవు పెట్టుకున్నాను.

ముందు రోజు రాత్రి పిల్లలను పడుకోబెట్టి హడావిడిగా టికెట్లు కొన్నాను. మొదట వచ్చిన సైటు మీద స్కాన్సెన్ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. గడ్డి మొలిచిన పైకప్పుతో ఒక ఇంటి బొమ్మ ఉంది. లింకు పక్కన ‘ప్రకటన’ అన్న చిన్న గుర్తు ఉందని తరువాత మళ్లీ వెతికినప్పుడే గమనించాను. ధర క్రోనర్లలో కాకుండా యూరోల్లో ఉంది. స్వీడన్ మ్యూజియానికి యూరోలు ఎందుకని ఆ క్షణంలోనే నేను ఆగి ఉండాల్సింది. ‘వరుసలో నిలబడనక్కర్లేదు’ అని రాసి ఉంది, అమ్మకు మోకాళ్ల నొప్పి కాబట్టి దానికే లొంగిపోయాను. చివరి పేజీలో సేవా రుసుము కలిసింది. రెండేళ్ల మా పాపకు కూడా టికెట్ పట్టింది. అంత చిన్న పిల్లలకు స్కాన్సెన్‌లో ప్రవేశం ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని మాకు అమ్మారన్నమాట. మొత్తం మీద గేటు దగ్గరి ధరకు దాదాపు రెట్టింపు అయింది.

పొద్దున స్లుసెన్ దగ్గర పడవ ఎక్కి హుషారుగా వెళ్లాం. గేటు దగ్గర స్కానర్ మా కోడ్‌ను ఒప్పుకోలేదు. మళ్లీ మళ్లీ చూపించాం. అక్కడి అమ్మాయి కాగితాన్ని జాగ్రత్తగా చదివి, “ఇది మా టికెట్ కాదు, మధ్యలో ఎవరో ఇచ్చిన రసీదు” అంది. నిజమే. ఈమెయిల్ అడుగున, కనీకనబడని అక్షరాల్లో, అసలు టికెట్ 48 గంటల్లోపు పంపుతామని ఉంది. నేను కొన్నది మర్నాటికి! ఆ సైటుకు ఫోను నంబరు లేదు, ప్రశ్నలు రాసే పెట్టె మాత్రమే ఉంది. రాశాను. జవాబు రాలేదు. ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. డబ్బు మ్యూజియానికి చేరనే లేదు, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

చివరికి కౌంటర్లో మళ్లీ కొనుక్కుని లోపలికి వెళ్లాం. అప్పటికే పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. అమ్మ ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది. పార్కు సాయంత్రం వరకు తెరిచి ఉన్నా లోపలి ఇళ్లన్నీ అంతసేపు తెరిచి ఉండవు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. దాలార్నా ప్రాంతం నుంచి తెచ్చిన ‘మోరా ఇల్లు’ దగ్గరకు చేరేసరికి పాతకాలపు దుస్తుల్లో ఉన్న ఒక పెద్దావిడ తలుపు మూస్తున్నారు. హాజేలియస్ 1885లో కొన్న ఇల్లు అది. నాన్న బయటి నుంచే దుంగల మూలలను చేత్తో తడిమి చూశారు. గడ్డి కప్పు కింద నీళ్లు దిగకుండా భూర్జ చెట్టు బెరడు పరుస్తారని ఆవిడ ఓపికగా చెప్పారు. తాటాకుల కింద మనవాళ్లు పడే తంటా ఇక్కడా ఉందని నాన్న సంతోషించారు కానీ, లోపలి వాసాలు చూడలేకపోయారు. నాకు పోయిన డబ్బు కంటే అదే ఎక్కువ బాధ.

అసలు టికెట్లు మర్నాడు రాత్రి పదకొండు గంటలకు వచ్చాయి. ‘మేము పంపాం కాబట్టి డబ్బు వాపసు లేదు’ అన్నది ఆ సైటు వాళ్ల వాదన. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కును నమ్ముకోవద్దు. ఫలానా తేదీకి అని కొన్న ఇలాంటి టికెట్లకు అది వర్తించదు. మన పట్టు వేరే చోట ఉంది: చెప్పిన రోజుకు చెప్పిన వస్తువు అందలేదు. ఆ మాటనే సైటుకు రాతపూర్వకంగా పంపి, ఆ కాపీతో బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే స్వీడన్ చట్టం ప్రకారం బ్యాంకును కూడా నేరుగా అడగవచ్చు. నేను అలాగే చేశాను, విచారణ నడుస్తోంది. అమ్మినవాళ్ల చిరునామా మరో ఐరోపా సమాఖ్య దేశంలో ఉంటే వినియోగదారులకు సాయపడే ‘కొన్సుమెంట్ యూరోపా’ కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. ఈమెయిల్, కార్డు రసీదు, సైటు పేజీ ఫొటో, గేటు దగ్గర రెండోసారి కట్టిన రసీదు అన్నీ దాచండి. ఆ పేజీ ఫొటో తీసుకోవాలని నాకు రెండు రోజుల తరువాత తట్టింది. అప్పటికి దాని మీద రాతలు మారిపోయాయి.

మధ్యవర్తులందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. కానీ స్కాన్సెన్‌కు వాళ్ల అవసరం అసలు లేదు. స్కాన్సెన్ డాట్ ఎస్ఈ అని మీరే టైపు చేయండి. ఏ ఇల్లు ఎప్పటివరకు తెరిచి ఉంటుందో కూడా అక్కడే చూసుకుని, మీ పెద్దవాళ్లకు ఇష్టమైన ఇంటికే ముందు వెళ్లండి. ఇప్పటికే వేరే చోట కొనేసి ఉంటే, చేతిలో ఉన్నది టికెట్టా, రసీదా అని ఈ రాత్రే ఈమెయిల్ తెరిచి అడుగు వరకు చదవండి.