ఎన్‌వీఎంఈ-టీసీపీ ట్రాఫిక్‌కి ప్రయారిటీ: సాకెట్ మార్కా, హార్డ్‌వేర్ క్లాసా, పీఎఫ్‌సీయా?

ఒకే సర్వర్, ఒకే 25 గిగాబిట్ పోర్టు. ఎన్‌వీఎంఈ-టీసీపీ డిస్కులు (మామూలు టీసీపీ నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ఎన్‌వీఎంఈ డిస్కులు) దాని మీదే, యాప్ ట్రాఫిక్ దాని మీదే, రాత్రయ్యేసరికి బయటికెళ్లే బ్యాకప్ కూడా దాని మీదే. పగలంతా బాగానే ఉంటుంది. బ్యాకప్ మొదలయ్యాక మాత్రం ఒకటి రెండు వందల మైక్రోసెకన్లలో రావాల్సిన రీడ్ మిల్లీసెకన్లు తీసుకుంటుంది, డేటాబేస్ వాళ్లు ఫోన్ చేస్తారు, స్టోరేజ్ వాళ్లూ నెట్‌వర్క్ వాళ్లూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. చివరికి ఎవరో ఒకరు "స్టోరేజ్‌కి ప్రయారిటీ ఇచ్చేస్తే పోలా" అంటారు.

ఇవ్వడానికి లినక్స్‌లో ముఖ్యంగా మూడు దారులున్నాయి. సాకెట్ (కనెక్షన్‌కి మన మెషీన్‌లో ఉండే కొస) మీద ప్రయారిటీ నంబర్ వేయడం ఒకటి, నెట్‌వర్క్ కార్డులోనే విడి క్యూలు కేటాయించడం రెండు, స్విచ్‌తో కలిసి పీఎఫ్‌సీ (ఒక ప్రయారిటీ ట్రాఫిక్‌ని కాసేపు ఆపించే ఏర్పాటు) పెట్టడం మూడు. ముందే చెప్పేస్తున్నా, టీసీపీ మీద నడిచే స్టోరేజ్‌కైతే నా ఓటు రెండోదానికి.

మొదటిది అందరూ ముందు పట్టుకునేది, ఎందుకంటే చాలా సులువు. ఎన్‌వీఎంఈ-టీసీపీ డ్రైవర్‌కి ఎస్ఓ ప్రయారిటీ అనే మాడ్యూల్ పారామీటర్ ఉంది. అందులో నంబర్ పెడితే ఆ తర్వాత కొత్తగా కనెక్ట్ అయ్యే ప్రతి సాకెట్‌కీ అదే పడుతుంది (పాత కనెక్షన్లు తెంచి మళ్లీ కలపాల్సిందే, పైగా ఇది మాడ్యూల్ మొత్తానికి ఒకటే, కంట్రోలర్‌కొకటి ఇచ్చే వీలు లేదు). ఆ సాకెట్ నుంచి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీదా ఆ నంబర్ ఉంటుంది. సరే, దాన్ని చదివేదెవరు? క్యూ డిసిప్లిన్ (ప్యాకెట్లు ఏ వరసలో బయటికెళ్లాలో తేల్చే కెర్నల్ భాగం) పీఫైఫో ఫాస్ట్ అయితే మూడు బ్యాండ్లలో ఒకదాంట్లో వేస్తుంది. చాలా డిస్ట్రోల్లో ఇప్పుడు డిఫాల్ట్‌గా వచ్చే ఎఫ్‌క్యూ కోడెల్ అయితే మామూలుగా ఆ నంబర్‌ని పట్టించుకోదు, ఫ్లోలను (ఒక్కో కనెక్షన్ ప్యాకెట్ల వరసని) హాష్ చేసి పంచుకుంటూ పోతుంది. అంటే మీరు నంబర్ పెట్టారు, ఎర్రర్ రాలేదు, పని మాత్రం ఏమీ జరగలేదు.

పీఫైఫో ఫాస్టే ఉందనుకున్నా కథ అయిపోలేదు. ఈ కాలం కార్డులకి పదుల కొద్దీ పంపే క్యూలుంటాయి, ఒక్కో క్యూకి విడిగా ఒక పీఫైఫో ఫాస్ట్ ఉంటుంది. మీ ప్రయారిటీ ఆ ఒక్క క్యూలోపలే చెల్లుతుంది, క్యూల మధ్య కార్డు మామూలుగా వంతులవారీగానే తీసుకుంటుంది. టోల్‌గేట్ దగ్గర మన లైన్‌లో అందరికంటే ముందుకొచ్చినంత మాత్రాన పక్క లైన్లు ఆగవు కదా. దీనికి తోడు ప్యాకెట్ ఒకసారి డ్రైవర్ రింగ్‌లోకి (కార్డుకి అప్పగించే ప్యాకెట్ల వరసలోకి) దిగాక దాన్ని దాటి ముందుకెళ్లడం కుదరదు. 4096 డిస్క్రిప్టర్ల (గళ్ల) రింగ్, ఒక్కోదానికి 1500 బైట్లే అనుకున్నా, 25 గిగాబిట్ మీద అది ఖాళీ అవడానికి దాదాపు 2 మిల్లీసెకన్లు. మన రీడ్ కమాండ్ చూస్తే 72 బైట్ల చిన్న పీడీయూ (ప్రొటోకాల్ సందేశం), దాని ముందు బ్యాకప్ తాలూకు 64 కిలోబైట్ల టీఎస్ఓ ముద్దలు (కార్డే ప్యాకెట్లుగా కోసుకునేవి), ఒక్కొక్కటి 21 మైక్రోసెకన్లు తినేవి. 2012లో 3.3 కెర్నల్‌తో వచ్చిన బీక్యూఎల్ (బైట్ క్యూ లిమిట్స్) ఇక్కడ కాపాడుతుంది, రింగ్‌లో అవసరానికి మించి నింపనివ్వదు. కానీ అది డ్రైవర్‌లో రాసి ఉండాలి. మీ డ్రైవర్‌లో ఉందో లేదో చూసుకోకుండా ప్రయారిటీ గురించి మాట్లాడటం దండగ.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది, చాలామందికి తెలియదు. కనెక్ట్ చేసేటప్పుడు టీఓఎస్ (ఐపీ హెడర్‌లో ప్యాకెట్ తరగతి చెప్పే బైట్) కూడా ఇవ్వచ్చు కదా, స్విచ్‌లు అందులోని డీఎస్‌సీపీ కోడ్ చూసుకుంటాయని. డ్రైవర్ ముందు ఎస్ఓ ప్రయారిటీ వేస్తుంది, ఆ తర్వాత టీఓఎస్ వేస్తుంది. టీఓఎస్ వేసే ఫంక్షన్ ఊరుకోదు, ఆ విలువను బట్టి సాకెట్ ప్రయారిటీని తనే మళ్లీ రాసేస్తుంది. ఏఎఫ్41 అనే డీఎస్‌సీపీ కోడ్ అనుకోండి, టీఓఎస్ విలువ 136. కెర్నల్ ఇప్పటికీ దాన్ని పాతకాలపు టీఓఎస్ బిట్ల లెక్కలోనే చదువుతుంది కాబట్టి ప్రయారిటీ 2 అవుతుంది, అంటే బల్క్. పీఫైఫో ఫాస్ట్‌లో అది అట్టడుగు బ్యాండ్! స్విచ్‌లో వీఐపీ, సొంత మెషీన్‌లో అందరికంటే చివర. అందుకే రెండూ కలిపి వాడకండి. డీఎస్‌సీపీ కావాల్సిందే అంటే, ఎన్‌వీఎంఈ-టీసీపీ వాడే 4420 పోర్టుకెళ్లే ప్యాకెట్లను క్లాస్‌యాక్ట్ ఎగ్రెస్ ఫిల్టర్‌తో (బయటికెళ్లేచోట పనిచేసే ఫిల్టర్‌తో) పట్టుకుని అక్కడ ప్రయారిటీ మార్చుకోవడం నయం.

రెండో దారి ఎంక్యూప్రయో అనే క్యూ డిసిప్లిన్. ఇందులో ప్రయారిటీ నంబర్లను ట్రాఫిక్ క్లాసులకి కట్టి, ఒక్కో క్లాసుకి కార్డులో ఇన్ని క్యూలని రాసిచ్చేస్తారు. హార్డ్‌వేర్ మోడ్‌లో పెడితే డ్రైవర్ ఆ పంపకాన్ని కార్డు షెడ్యూలర్‌కే దించుతుంది. స్టోరేజ్ క్యూలు వేరు, బ్యాకప్ క్యూలు వేరు, రింగ్‌లో ఒకరి వెనక ఒకరు ఇరుక్కునే బాధ ఉండదు. మొదటి దారిలో లేనిది సరిగ్గా ఇదే, అందుకే నా ఓటు దీనికి. ఖర్చేంటంటే క్యూలు పంచుకోవాలి కాబట్టి ఒక్కో క్లాసుకి తక్కువ క్యూలొస్తాయి, డ్రైవర్ దీన్ని సపోర్ట్ చేయాలి. వీలాన్ (ఒకే తీగ మీద ట్యాగ్‌తో వేరుచేసిన నెట్‌వర్క్) మీద నడుపుతుంటే ఎగ్రెస్ మ్యాప్ (ఏ ప్రయారిటీకి ట్యాగ్‌లో ఏ నంబరో చెప్పే పట్టిక) కూడా రాయాలి, లేకపోతే ట్యాగ్‌లో ప్రయారిటీ సున్నాగానే వెళ్తుంది, స్విచ్‌కి తేడా తెలియదు.

ఐస్కసీ (నెట్‌వర్క్ మీద నడిచే ఇంకో స్టోరేజ్ ప్రొటోకాల్) వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఓపెన్-ఐస్కసీ డీమన్ డీసీబీ యాప్ టేబుల్‌లో (ఏ యాప్‌కి ఏ ప్రయారిటీ అని రాసి ఉండే పట్టికలో) ఐస్కసీ వాడే 3260 పోర్టుకి ఏ ప్రయారిటీ రాసి ఉందో చూసి సాకెట్‌కి తనే వేసేస్తుంది.

క్లాసులు చేశాక స్ట్రిక్ట్ ప్రయారిటీ (పై క్లాసు ఖాళీ అయ్యాకే కింది క్లాసుకి వంతు) పెడదామనిపిస్తుంది. వద్దు. స్టోరేజ్ అంటే 72 బైట్ల కమాండ్లే కాదు, పెద్ద సీక్వెన్షియల్ రైట్ వస్తే లైన్ మొత్తం మింగేసేది కూడా అదే. స్ట్రిక్ట్‌లో అది ఆగేదాకా మిగతావాళ్లు ఆకలితో ఉండాలి, అందులో క్లస్టర్ హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని నోడ్లు పంపుకునే సంకేతం) కూడా ఉంటే పక్క నోడ్ "వీడు పోయాడు" అనుకుని మీ సర్వర్‌ని ఫెన్స్ చేస్తుంది, అంటే క్లస్టర్ నుంచి వెలివేస్తుంది. ఈటీఎస్‌లో (క్లాసులకి బ్యాండ్‌విడ్త్ వాటాలు పంచే పద్ధతిలో) స్టోరేజ్‌కి సగమో ఇంకాస్త ఎక్కువో వాటా రాయండి, అది వాడుకోనప్పుడు మిగతావాళ్లు తీసుకుంటారు. హార్ట్‌బీట్‌ని మాత్రం చిన్న స్ట్రిక్ట్ క్లాసులో పెట్టచ్చు, దాని ట్రాఫిక్ ఎంతనీ.

పీఎఫ్‌సీ సంగతి. ఎనిమిది ప్రయారిటీల్లో ఒక్కదాన్నే ఆపమని అవతలివాడికి చెప్పే ఏర్పాటు ఇది, 802.1క్యూబీబీ. ఎఫ్‌సీఓఈకి (ఈథర్నెట్ మీద ఫైబర్ ఛానెల్ స్టోరేజ్) ఇది దాదాపు తప్పనిసరి, ఆర్‌ఓసీఈకి (ఈథర్నెట్ మీద ఆర్‌డీఎంఏ, అంటే అవతలి మెషీన్ మెమరీని నేరుగా అందుకునే పద్ధతి) చాలాచోట్ల పెడతారు. టీసీపీకి? ప్యాకెట్ పోతే మళ్లీ పంపుకోవడం, రద్దీ తెలిస్తే తగ్గడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. పైనుంచి పాజ్ పెడితే రద్దీ ఉందన్న సంగతే దానికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒక్క పాజ్ ఫ్రేమ్ 25 గిగాబిట్ మీద గరిష్ఠంగా 1.3 మిల్లీసెకన్లు ఆపగలదు, ఆ పాజ్ ఒక స్విచ్ నుంచి వెనక స్విచ్‌కి పాకుతూ సంబంధం లేని సర్వర్లని కూడా పట్టుకుంటుంది. చెడిపోయిన ఒక్క కార్డు ఆగకుండా పాజ్‌లు కొట్టి నెట్‌వర్క్‌ని స్తంభింపజేసిన సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్లే 2016లో సిగ్‌కామ్ అనే నెట్‌వర్కింగ్ సదస్సు వేదిక మీద చెప్పారు. టీసీపీ స్టోరేజ్ కోసమైతే ఈ టెన్షన్ అక్కర్లేదు, స్విచ్‌లో ఈసీఎన్ (ప్యాకెట్ పారేయకుండా దాని మీదే రద్దీ గుర్తు వేయడం) పెట్టుకోండి.

విడిగా ఇంకో కార్డు కొనిపెట్టుకోగలిగితే పై గొడవంతా లేదు. బడ్జెట్ ఉంటే అదే చేయండి.

ఇంకోటి, స్టోరేజ్‌ని పైకెత్తడం కంటే బ్యాకప్‌ని కిందకి దించడం చాలాసార్లు తేలిక. బ్యాకప్ ఒక్కటే ప్రాసెస్, దాని స్పీడుకి పరిమితి పెట్టడం అయిదు నిమిషాల పని.

మొదటి రెండు దారులూ హోస్ట్ (మన సర్వర్) నుంచి బయటికెళ్లేదాన్ని మాత్రమే అదుపు చేస్తాయి. రీడ్ డేటా వచ్చేది టార్గెట్ (డిస్కులున్న అవతలి మెషీన్) వైపు నుంచి, కాబట్టి అక్కడా ఇదే పని చేయాలి. లినక్స్ టార్గెట్ కాస్త తెలివైనది, హోస్ట్ పంపిన టీఓఎస్‌ని చూసి తిరుగు ప్యాకెట్లకీ అదే వేస్తుంది, ఎస్ఓ ప్రయారిటీ మాత్రం అక్కడ విడిగా పెట్టుకోవాలి.

మెమరీ అయిపోయినప్పుడు ఈ మూడూ పనికిరావు. పేజీలు ఖాళీ చేయాలంటే డిస్కుకి రాయాలి, డిస్కు నెట్‌వర్క్ అవతల ఉంది, ప్యాకెట్ కట్టడానికి మళ్లీ మెమరీ కావాలి. 2012లో 3.6 కెర్నల్‌లో వచ్చిన మెమ్‌అలాక్ సాకెట్లు దీనికోసమే: రిజర్వ్‌లోంచి తీసిన మెమరీతో వచ్చిన ప్యాకెట్ ఆ గుర్తున్న సాకెట్‌ది కాకపోతే కెర్నల్ పారేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఐస్కసీ, ఎన్‌బీడీ (నెట్‌వర్క్ బ్లాక్ డివైస్) డ్రైవర్లు తమ సాకెట్లకి ఆ గుర్తు వేస్తాయి.

ఏది పెట్టినా ఖాళీ లైన్ మీద కొలిచి మురిసిపోవద్దు. ట్రాఫిక్ పుట్టించే ఐపెర్ఫ్‌తో లైన్ రెండు వైపులా నింపి, డిస్కుల్ని పరీక్షించే ఎఫ్ఐఓతో 4 కిలోబైట్ల రీడ్లు నడిపి, సగటు వదిలేసి 99వ పర్సెంటైల్ చూడండి. పక్కనే టీసీ (లినక్స్‌లో క్యూలు చూసే కమాండ్) గణాంకాల్లో ఏ క్యూలో ఎన్ని బైట్లు వెళ్లాయో చూడండి. స్టోరేజ్ క్లాసు క్యూల్లో అంకె కదలట్లేదంటే మార్కింగ్ దగ్గరే ఎక్కడో తప్పిందని, షెడ్యూలర్ జోలికి వెళ్లక్కర్లేదు.