ఏబీఎస్ ప్రింట్లకు అసిటోన్ ఆవిరి: నునుపుకు ఫుల్ మార్కులు, బలానికి పాసు మార్కులే

3డీ ప్రింటర్‌లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో పొరలు పొరలుగా తీసిన ముక్కల మీద ఆ పొరల గీతలు పోగొట్టడానికి చాలాకాలంగా వాడుతున్నది చల్లటి ఆవిరి పద్ధతి. అంటే వేడి చేయకుండా, గది ఉష్ణోగ్రతలోనే, ఈ ప్లాస్టిక్‌ను కరిగించే అసిటోన్ అనే ద్రవం ఆవిరి పట్టించడం. మెరుపు విషయంలో దీనికి వంక పెట్టలేం. బలం కూడా పెరుగుతుందన్న ప్రచారం మాత్రం సగమే నిజం.

ప్రింటింగ్ ప్లాస్టిక్కుల్లో అసిటోన్‌కు లొంగేవి ముఖ్యంగా ఏబీఎస్, ఏఎస్ఏ. పీఎల్ఏ ముక్క ఉబ్బి, తెల్లబడి, పెళుసెక్కుతుందే తప్ప నునుపు కాదు. పీఈటీజీదీ అదే కథ. అసిటోన్ ల్యాబ్ కెమికల్స్ షాపులో 500 మి.లీ. సీసాగా దొరుకుతుంది, అదే కొనండి. నెయిల్ పాలిష్ రిమూవర్లలో నీళ్లు, నూనెలు కలుపుతారు. కొన్నింటిలో అసలు అసిటోనే ఉండదు.

ముక్కను ఆవిరిలో ఉంచే డబ్బా గాజుదైతే లోపల అది ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. అయస్కాంతం అంటుకునే ఇనుప డబ్బా అయితే అసిటోన్‌తో తడిపిన టిష్యూలను చిన్న అయస్కాంతాలతో గోడలకు నిలబెట్టడం తేలిక. అక్రిలిక్, పాలీస్టైరీన్ డబ్బాలు వద్దు, ముక్కకంటే ముందు అవే కరుగుతాయి. అడుగున ఒక ఎత్తు పీట, దాని మీద అల్యూమినియం ఫాయిల్, దాని మీద ముక్క. తడి టిష్యూ ముక్కకు తగలకూడదు, అడుగున ద్రవం నిలవకూడదు.

ఎంత పోయాలి? అందరూ ఎక్కువే పోస్తారు. 25 డిగ్రీల దగ్గర 5 లీటర్ల డబ్బాను ఆవిరితో పూర్తిగా నింపడానికి 5 మి.లీ. లోపే సరిపోతుంది. ముక్క పీల్చుకునేది, మూత సందుల్లోంచి పోయేది కలుపుకున్నా 15 మి.లీ. చాలు. అంతకు మించి పోస్తే గోడల మీంచి కారి ముక్క మీద మచ్చలు పడతాయి.

సమయానికి ఒక అంకె చెప్పలేం. 20 డిగ్రీల నుంచి 40కి వెళ్లేసరికి అసిటోన్ ఆవిరి పీడనం రెట్టింపు దాటుతుంది. మే నెల విజయవాడలో ముప్పావుగంటలో అయ్యే ముక్కకు డిసెంబరు హైదరాబాద్‌లో రెండు గంటలు పట్టడం మామూలే. గీతలు ఇంకా లీలగా కనిపిస్తుండగానే బయటకు తీయాలి. పీల్చుకున్న అసిటోన్ బయటకు వచ్చాక కూడా కొంతసేపు పని చేస్తూనే ఉంటుంది. ముక్కను కాదు, ఫాయిల్‌ను పట్టుకుని ఎత్తండి. వేలిముద్ర పడితే ఇక పోదు. పైకి గంటలో ఆరినట్టే ఉంటుంది కానీ, మందం ముక్కలు గట్టిపడడానికి రెండు రోజులైనా ఆగాలి. ఆ లోపు స్క్రూ బిగిస్తే అది దిగే బొడిపె (బాస్) చీలుతుంది.

ప్రింట్ కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే తీయాలి. 0.4 మి.మీ. నాజిల్‌తో (ప్లాస్టిక్ బయటకు వచ్చే మొన) కనీసం నాలుగు గోడలు, అంటే ముక్క అంచు చుట్టూ నాలుగు వరసలు, పైన ఆరు పొరలు. గోడ పలచనైతే లోపలి ఖాళీని నింపే ఇన్‌ఫిల్ గళ్లు పైకి తేలతాయి, బుడగలూ లేస్తాయి. తెల్లటి మసక వస్తే అది తేమ పని: అసిటోన్ ఆరుతూ ముక్కను చల్లబరుస్తుంది, గాలిలోని నీరు దాని మీద చేరుతుంది. వానాకాలం విశాఖలో ఇది బాగా వేధిస్తుంది. ప్రింట్ అయ్యేటప్పుడే మూలలు లేచిన ముక్కలో ఒత్తిడి దాగి ఉంటుంది. ఆవిరి తగలగానే పొరల వెంట పగుళ్లు విచ్చుకుంటాయి. దాన్ని ఆవిరి తప్పనకండి, ప్రింటర్ చుట్టూ వెచ్చని పెట్టె లేకపోవడమే కారణం. ఎత్తు తక్కువ అక్షరాలు కరిగిపోతాయి. బేరింగ్ కూర్చునే రంధ్రం బిగుసుకుంటుంది కాబట్టి ముందే టెఫ్లాన్ టేపు చుట్టిన బోల్టుతో మూసేయాలి.

ఇక బలం. ఆవిరి పని చేసేది పై పొర వరకే. లోపల పొరకు పొరకు మధ్య ఉన్న అతుకు ఎలా ఉందో అలాగే ఉంటుంది. నిలువుగా లాగితే విరిగే ముక్క ఆవిరి పట్టాక కూడా దాదాపు అక్కడే విరుగుతుంది. లాభం ఎక్కడంటే, పగులు మొదలయ్యేది పొరల మధ్య సన్నటి గాడిలో కాబట్టి, ఆ గాడి పూడితే పదేపదే వంగే క్లిప్పులు కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి. సన్నటి సందులు మూసుకుని నీళ్ల లీకూ తగ్గుతుంది. అసలు బలం కావాలంటే ఏబీఎస్ తుక్కును అసిటోన్‌లో కరిగించి వాడండి: 10 మి.లీ.కి రెండు మూడు గ్రాములు, మూత పెట్టి రాత్రంతా ఉంచితే తేనె చిక్కదనం వస్తుంది. రెండు ముక్కల్ని దీనితో అతికి, బిగించి ఒక రోజు వదిలేస్తే ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. సూపర్ గ్లూ కంటే ఇదే నయం.

డబ్బా లోపల ఆవిరి 30 శాతం దాకా ఉంటుంది. గాలిలో అసిటోన్ మండే హద్దు సుమారు 2.5 నుంచి 13 శాతం. అంటే మూత తీశాక ఆవిరి పలచబడుతూ ఆ హద్దులోకే దిగుతుంది. పైగా అది గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి, ఇన్వర్టర్ ఉన్న గదిలో వద్దు. డాబా మీద చేయండి. రైస్ కుక్కర్‌లో అసిటోన్ మరిగించే పద్ధతి నిమిషాల్లో పని ముగిస్తుంది, కానీ 56 డిగ్రీలకే మరిగే ద్రవాన్ని కరెంటు కాయిల్ మీద పెట్టమని ఎవరికీ చెప్పను. నైట్రైల్ గ్లవ్స్ అసిటోన్‌కు త్వరగా లొంగిపోతాయి. బ్యూటైల్ రబ్బరువి ఆగుతాయి. మిగిలింది సింకులో పోయకండి, పీవీసీ పైపు మెత్తబడుతుంది. తడి టిష్యూలను బయట ఆరనిచ్చి పారేయండి.

పీఎల్ఏ కోసం అక్రిలిక్ షాపుల క్లోరోఫాం వాడేవాళ్లున్నారు. నునుపు వస్తుంది నిజమే, ఇంట్లో వాడదగ్గది కాదు. నునుపే ముఖ్యమైతే పీవీబీ అనే ప్లాస్టిక్ ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే తీగ) తీసుకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చేయడం మేలు. ధర ఎక్కువ, వేడికి తొందరగా మెత్తబడుతుంది; ఎండలో నిలిపే కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టే వస్తువుకైతే మళ్లీ ఏబీఎస్, అసిటోనే.