పన్నెండేళ్ళు వాడిన రంపం: ఆకురాయి దిగేదే కొనండి

ఈ రంపం 2013 వేసవిలో నా చేతికొచ్చింది. తిరుపతిలో పాత ఇనుము కొనే ఒక అంగడిలో, విరిగిన కిటికీ చువ్వల కింద పడి ఉంది. బ్లేడు 22 అంగుళాలు, పాత బెల్లం రంగు. వేలితో తుప్పు రుద్దితే పిడి దగ్గర ‘షెఫీల్డ్’ అన్న అక్షరాలు కనబడ్డాయి, ఉక్కు పనిముట్లకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు అది. 250 రూపాయలకిచ్చాడు. దేవుడి గూడు, రెండు మంచాలు, వంటింటి అలమరా, చుట్టాలింటికి చేసిచ్చిన పీటలు, అన్నీ దీంతో కోసినవే. నాది వడ్రంగం వృత్తి కాదు. సెలవు రోజుల్లో మిద్దె మీద రేకుల కింద చేసుకునే పని. కానీ ఒకే రంపాన్ని ఇన్నేళ్ళు వాడాను కాబట్టి దాని గురించి నమ్మకంగా చెప్పగలను.

దీనికి ముందు కొత్త రంపం ఒకటి కొన్నాను. రబ్బరు పిడి, మెరిసే బ్లేడు. పళ్ళ మొనలు నల్లగా, కొంచెం నీలంగా ఉండేవి. ఆరు నెలలు జామకాయ కోసినట్టు కోసింది. ఆ తర్వాత పాత తలుపు చెక్క కోస్తుంటే లోపల విరిగిన మేకు తగిలి నాలుగు పళ్ళ మొనలు పోయాయి. పదును పెట్టించుకుందామని తిరుపతి బైరాగిపట్టెడలో నాకు తెలిసిన ఆచారి అనే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూడంచుల ఆకురాయి (ఫైలు) తీసి ఒక పన్ను మీద ఆనించి తోశాడు. చర్రుమని జారిపోయింది. పన్ను మీద గీత కూడా పడలేదు.

“దీనికి పదును పెట్టేది లేదు నాయనా. అరిగితే పారేసేదే. ఆకురాయి దిగే రంపం తెచ్చుకో, పదును పట్టేది నేను చూపిస్తా” అన్నాడు.

అలాంటి రంపాల్లో పళ్ళ మొనల వరకే కరెంటుతో క్షణంలో వేడి చేసి వెంటనే చల్లారుస్తారు. దాంతో మొన ఆకురాయి అంత గట్టిగా తయారవుతుంది. కొత్తలో చాలాకాలం పదును నిలవడానికి కారణం అదే, తర్వాత దాన్ని బాగు చేసుకోలేకపోవడానికీ కారణం అదే. కొనేటప్పుడు అంగట్లో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

అందుకని పాత రంపం కొనేటప్పుడు నేను ముందు చూసేది పళ్ళనే. జేబులో అరిగిన చిన్న ఆకురాయి పెట్టుకుని వెళ్తాను. పిడి పక్కనుండే చివరి పన్ను కోతలో పెద్దగా పనికిరాదు, అక్కడ ఒకసారి మెల్లగా తోసి చూస్తాను. సన్నగా రజను రాలితే ఆ రంపం నాది. తర్వాత బ్లేడును కంటికెదురుగా పెట్టి పిడి నుంచి కొస దాకా చూస్తాను. లాగి కట్టిన తాడులా తిన్నగా ఉండాలి. మొత్తంగా కొంచెం వంగి ఉంటే చేత్తో సరిచేసుకోవచ్చు. ఒకచోట మడత పడి ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు. ఆ మడత దగ్గర ప్రతి కోతా ఆగుతుంది. పైన పరుచుకున్న తుప్పుకు భయపడక్కర్లేదు, నీటి ఎమరీ కాగితంతో ఒక సాయంత్రం పని. పళ్ళ దగ్గర గుంటలు పడేలా తినేసిన తుప్పు ఉంటే తీసుకోకండి, మొన అక్కడే విరుగుతుంది.

పళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడం కూడా ముఖ్యం. నా దానికి అంగుళానికి 7 పళ్ళు. పలకలను అడ్డంగా కోయడానికి ఇది సరిపోతుంది. నిలువుగా, అంటే చెక్క నార వెంబడి, పొడవాటి కోతలు ఎక్కువగా ఉంటే అంగుళానికి 5 పళ్ళది చూసుకోండి. పొట్టు నిండడానికి పళ్ళ మధ్య సందు పెద్దగా ఉండాలి. ఫ్రేములు, జాయింట్లు లాంటి సన్నపనికి 12 దాకా పళ్ళుండి, వీపున ఇనుప పట్టీ ఉన్న పొట్టి రంపం వేరే కావాలి.

ఇక పదును. ఆచారి నాకు నేర్పింది రెండు ఆదివారాల్లో. చెయ్యి కుదరడానికి ఏడాది పట్టింది.

మొదటిసారి ఆయన లేనప్పుడు నేనే మొదలుపెట్టాను. పళ్ళ తలలు సమం చేయకుండా ఒక్కో పన్నూ వరసగా రాసుకుంటూ పోయాను. ఒకటి పొడుగు, పక్కది పొట్టి. రంపం చెక్క మీద గెంతడం మొదలుపెట్టింది. ఆయన చూసి ఏమీ అనలేదు. చదును ఆకురాయిని పళ్ళ తలల మీద పడుకోబెట్టి పిడి నుంచి కొస దాకా మెల్లగా మూడుసార్లు నడిపించాడు. ప్రతి పన్ను తల మీదా ఆవగింజలో సగమంత మెరుపు తేలింది. పొడుగు పళ్ళ మీద పెద్ద మెరుపు, పొట్టివాటి మీద చిన్నది. ఆ మెరుపే మనకు దారి. మూడంచుల ఆకురాయితో రాస్తూ ఆ మెరుపు మాయమైన క్షణాన ఆపాలి. ఇంకొక్క తోపు ఎక్కువ తోశామా, ఆ పన్ను పొట్టిదైపోతుంది. అందుకే సగం మెరుపు ఒక వైపు నుంచి, ఒక సందు వదిలి ఒక సందులో రాసి, రంపం తిప్పి మిగతా సగం అవతలి వైపు నుంచి పోగొడతాను. ఎండ పక్క నుంచి పడే పొద్దున పూట ఈ మెరుపు బాగా కనిపిస్తుంది.

ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తి తేవాలి, ఈడ్చితే దాని పళ్ళే అరుగుతాయి. రంపాన్ని రెండు చెక్క పట్టీల మధ్య, పళ్ళ సందులు మాత్రం బయటికి కనబడేలా వైసులో బిగించాలి. ఎక్కువ పైకి వదిలితే బ్లేడు వణికి వీధంతా వినబడేలా కీచుమంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే కిందికి దించి బిగించమని అర్థం.

నిలువు కోత రంపానికి ఆకురాయి బ్లేడుకు సరిగ్గా అడ్డంగా నడవాలి, పన్ను ముందువైపు దాదాపు నిటారుగా నిలవాలి. అప్పుడది చిన్న ఉలిలా నారను చెక్కుతుంది. అడ్డ కోతకైతే పన్ను 15 డిగ్రీల దాకా వెనక్కి వాలాలి, ఆకురాయి 20 డిగ్రీలు ఏటవాలుగా నడవాలి. అప్పుడు పన్ను చివర కత్తిమొన వస్తుంది, నారను తెంపుతుంది. నేను ఒక చెక్కముక్క మీద ఆ ఏటవాలు గీత గీసి పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ రాస్తాను.

పళ్ళను ఎడమకొకటి కుడికొకటి వంచడాన్ని అందరూ సెట్టింగనే అంటారు. మా వైపు చెక్కల తేడా తెలిసేది ఇక్కడే. మామిడి పలక పచ్చిగా వస్తుంది, నార ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. దానికి వంపు బాగా ఉండాలి. ఎండిన టేకుకు వంపు తగ్గించాలి, గాడి సన్నగా వస్తుంది, చెక్కా మిగులుతుంది. పన్నును పైసగం వరకే వంచాలి, మొదలు నుంచి వంచితే విరిగిపోతుంది. వంచాకే పదును పెట్టాలి. ఒకసారి వంచితే మూడు నాలుగు పదునుల దాకా మళ్ళీ అక్కర్లేదు. కోత ఎప్పుడూ ఒక పక్కకే పోతోందంటే ఆ పక్క పళ్ళు ఎక్కువ వంగాయని అర్థం, నూనెరాయితో ఆ వైపు పైపైన ఒక్కసారి రాస్తే దారికొస్తుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి దాన్ని కోసిన నెలల్లో పదును తొందరగా పోతుంది. వేపతో అంత బాధ లేదు.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు రేకుల కిందికి నీళ్ళు కొట్టాయి. వారం తర్వాత పైకెళ్ళి చూస్తే బ్లేడు మళ్ళీ బెల్లం రంగు. మొన దాకా తినలేదు, అదే అదృష్టం. తుడిచి, పళ్ళ తలలు సమం చేసి, కొత్తగా పదును పెట్టేసరికి ఒక పూట పట్టింది. అప్పటి నుంచి ప్రతి వాడకం తర్వాత కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, పాత పంచె గుడ్డలో చుట్టి ఇంట్లోనే పెడుతున్నాను.

ఇబ్బందులూ చెప్పాలి. పని ఎక్కువున్నప్పుడు నెలకోసారి, లేనప్పుడు మూడు నెలలకోసారి పదును పెట్టాలి. ఒక్కోసారి ముప్పావుగంట. ఆకురాయి ఖర్చు ఉంటుంది, నేను జేకే ఫైల్స్ వారి ఆరంగుళాల సన్న ఆకురాయి వాడతాను. దాని అంచు గుండ్రబడగానే మార్చాలి, లేకపోతే పళ్ళ సందులు పాడవుతాయి. చత్వారం వచ్చినవాళ్ళకు భూతద్దం తప్పనిసరి. ఏడాదికి రెండు పలకలు కోసేవాళ్ళకు ఇంత శ్రమ అనవసరం, వాళ్ళకు గట్టిమొనల రంపమే మేలు. నెలనెలా కోసేవాళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు.

పన్నెండేళ్ళ పదునులకు నా బ్లేడు వెడల్పు ఒక సెంటీమీటరు దాకా తగ్గింది. ఇంకా నాలుగు వేళ్ళకు పైనే మిగిలి ఉంది. ఆ రబ్బరు పిడి రంపం బ్లేడును పోయినేడాది అరచేతి వెడల్పు ముక్కలుగా కోయించాను. వాటి అంచు సమం చేసి, చిత్రిక పట్టిన పలకల మీద గీకుడు రేకులుగా వాడుతున్నాను.