రెండో తూటా సంగతి పిడి చెబుతుంది: టిక్కా టీ3ఎక్స్ లైట్

టెక్సస్ హిల్ కంట్రీలో అడవిపందులు మందగా మేతకు వస్తాయి. మొదటి తూటా పేలగానే మంద చెల్లాచెదురవుతుంది. రైఫిల్‌ను భుజం మీది నుంచి దించకుండా, స్కోప్ (గురి చూసే దుర్భిణి) నుంచి కన్ను తీయకుండా బోల్ట్ (ఖాళీ గుల్లను బయటికి తీసి కొత్త తూటాను ఎక్కించే కడ్డీ) ఆడించగలిగితేనే రెండో తూటాకు అవకాశం. నేను .308 విన్‌చెస్టర్ అనే తూటా రకంలో టిక్కా టీ3ఎక్స్ లైట్ రైఫిల్ ఎంచుకున్నది దాని బోల్ట్ పిడిని చూసే.

ఫిన్లాండ్‌లో తయారయ్యే ఈ రైఫిల్ బోల్ట్‌ను 70 డిగ్రీలు లేపితే చాలు. పాత జర్మన్ రైఫిల్ మౌజర్ 98 తరహా రైఫిళ్లలో 90 డిగ్రీలు లేపాలి. తేడా చిన్నదే అయినా, లేపిన పిడికీ స్కోప్‌కీ మధ్య వేళ్లకు చోటు మిగులుతుంది. స్కోప్‌ను బాగా కిందికి బిగించుకున్నా బొటనవేలు దానికి తగలదు. కాకపోతే, బోల్ట్ లేపేటప్పుడే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ఆ పని తక్కువ తిప్పులో జరగాలంటే బలం ఎక్కువ కావాలి. పిడి తగినంత పొడవుండాలని నేను పట్టుబట్టేది అందుకే. టిక్కాలో ఆ పొడవు సరిపోయింది, బోల్ట్ నునుపుగా జారుతుంది.

ఆస్ట్రియా వారి పాత మన్లిషర్-షోనౌర్ పిడి చెంచాలా పలచగా ఉండి రైఫిల్ కర్రను అంటిపెట్టుకుంటుంది. పొదల్లో నడిచేవారికి అంతకంటే అందమైన పిడి లేదు, దేనికీ తగులుకోదు. బ్రిటిష్ వారి లీ-ఎన్‌ఫీల్డ్‌లోనూ, అదే అమరికతో మన ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన .315 రైఫిల్‌లోనూ పిడి వెనక్కి జరిగి ట్రిగ్గర్ దగ్గరే ఉంటుంది. కాల్చిన చేయి దూరం వెళ్లనక్కరలేదు. వేగం విషయంలో నా ఓటు ఇప్పటికీ ఆ అమరికకే.

టిక్కా పిడి చివరి గుబ్బ ఒట్టి చేతికి చక్కగా అమరుతుంది. మందపు చేతితొడుగులు వేసుకునేవారు పెద్ద గుబ్బ ఉన్న పిడి మార్చుకోవచ్చు. తూటాలన్నీ తీసేసి, బోల్ట్ బయటికి లాగి, స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) భాగాన్ని విప్పితే పాత పిడి తన గాడిలోంచి జారి వచ్చేస్తుంది. మంచె మీద కూర్చుని వేటాడేవారికి పెద్ద గుబ్బే మేలు. జునిపర్ పొదల్లో రైఫిల్ భుజాన వేసుకుని తిరిగే నాకు మాత్రం అసలు పిడే నచ్చింది. తగిలించుకున్నప్పుడు వీపుకు గుచ్చుకోదు, కొమ్మలకు చిక్కదు. బరువు కూడా మూడు కిలోలలోపే.