సాయంత్రం నాలుగు దాటాక ఇంగ్లీషు ట్యూషనా, ఖోఖో గ్రౌండా? ఏది మేలు?

ఏటా బడులు తెరిచిన పది పదిహేను రోజులకే ఈ ప్రశ్న మొదలవుతుంది. "మేడమ్, మా పిల్ల ఆటలని చెప్పి ఆరున్నర దాకా ఇంటికి రావట్లా. ఇంగ్లీషు చూస్తే అంతంతమాత్రం. ట్యూషన్లో చేర్పించమంటారా, ఆడుకోనీమంటారా?" అని. అడిగేవాళ్లలో చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లున్నారు, ఒంగోలులో ఉద్యోగం చేసుకునేవాళ్లున్నారు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి ట్యూషనే అంటాననుకుని వస్తారు చాలామంది. ఈ ఏడాది మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. తనూ ఖోఖో ఆడుతుంది. దాంతో ఇదే సంగతి మా ఇంట్లోనూ తేల్చుకోవాల్సి వచ్చింది. తేల్చుకున్నాం కూడా. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

"రెండూ చేయించండి" అని చెప్పి తప్పుకోవచ్చు గానీ, అది కుదరని పని. బడి వదిలాక చీకటి పడేలోపు దొరికేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ప్రాక్టీసు పెట్టేది అప్పుడే, ట్యూషన్లు నడిచేదీ అప్పుడే. పక్క ఊళ్ల నుంచి బస్సులో వచ్చే పిల్లలకైతే ఆ మాత్రం సమయం కూడా ఉండదు. ఒకటి పట్టుకుంటే రెండోది వదులుకోవాల్సిందే.

ముందు ట్యూషన్ వైపు నుంచి చెప్తాను. తీసిపారేయాల్సిన సంగతి కాదది. మా రోజుల్లో ఇంగ్లీషంటే ఒక సబ్జెక్టు. అందులో గట్టెక్కితే మిగతావన్నీ తెలుగులో రాసుకునేవాళ్లం. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో కూడా ఎక్కువమంది టెన్త్ ఇంగ్లీషు మీడియంలోనే రాస్తున్నారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది, నిజమే. కానీ పరీక్షలో జవాబు ఇంగ్లీషులో రాయాలి కదా. ఇంగ్లీషు వాక్యం చదివి అర్థం చేసుకోలేని పిల్లకు ఇంగ్లీషు పేపర్లో మార్కులు తగ్గడంతో సరిపోదు. ఆకు ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో బాగా తెలిసిన పిల్ల కూడా బయాలజీ పేపర్లో రెండు వాక్యాలు రాసి ఆగిపోతుంది. సోషల్లోనూ అదే పరిస్థితి. అందుకే ఇంగ్లీషు గురించి తల్లిదండ్రులు టెన్షన్ పడుతుంటే నేను తప్పు పట్టను.

ఇంకో కారణం కూడా ఉంది, పైకి ఎవరూ చెప్పరు. అమ్మానాన్నలిద్దరూ పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. అప్పటిదాకా ఆడపిల్ల ఎక్కడుందో తెలియాలి, నలుగురి మధ్య ఉండాలి. ట్యూషన్ ఆ భరోసా ఇస్తుంది. ఈ కారణంతో పంపేవాళ్లను నేను వద్దనను.

ఇక ట్యూషన్లో జరిగేదేంటో చూడండి. మా చుట్టుపక్కల చాలా చోట్ల గైడు ముందు పెట్టుకుని ప్రశ్నలు, జవాబులు రాయిస్తారు. లేఖలు, డైరీ, సంభాషణ ఇలా ఉండాలని నాలుగైదు నమూనాలు బట్టీ పట్టిస్తారు. టెన్త్ ఇంగ్లీషు పేపరు వంద మార్కులకు ఉంటుంది, ముప్ఫై అయిదు వస్తే పాస్. నమూనాలు నోటికొస్తే ఆ ముప్ఫై అయిదు దాటడం కష్టం కాదు. కానీ పేపర్లో పేరా ఇచ్చి, చదివి జవాబు రాయమంటారు. అక్కడ బట్టీ పనికిరాదు. వ్యాకరణం ప్రశ్నల్లోనూ వాక్యం అర్థం కాకపోతే ఏది పూరించాలో తెలియదు.

మా తరగతిలో ఓ అమ్మాయి ఉంది. రెండేళ్లుగా ట్యూషన్‌కు వెళ్తోంది. పాఠం చదవమంటే గడగడా చదివేస్తుంది. ఒకరోజు బెంచీ దగ్గరికి వెళ్లి పుస్తకంలోకి చూశాను. ప్రతి ఇంగ్లీషు లైను కింద పెన్సిల్‌తో చీమల బారులా సన్నటి తెలుగు అక్షరాలు. "వన్స్ దేర్ వాజ్ ఏ..." అని లైను పొడుగునా రాసుకుంది. ఆమె చదువుతున్నది ఆ తెలుగు అక్షరాలను. కళ్లు ఇంగ్లీషు మీదికి పోవడమే లేదు. అదే పాఠంలోని వాక్యాన్ని బోర్డు మీద రాసి చదవమంటే రెండో మాట దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, లెక్కల్లో ముందుంటుంది. ఇంగ్లీషు తనంతట తాను చదవాల్సిన అవసరం ఆమెకు ఇంతవరకూ ఎవరూ కల్పించలేదు, అంతే.

ఇక గ్రౌండ్ సంగతి. సున్నంతో గీతలు గీసి, రెండు చివర్లా నాలుగడుగుల ఎత్తు పోల్స్ పాతితే ఖోఖో కోర్టు తయారు. బ్యాటు, ప్యాడ్లు, నెట్టు, ఏదీ కొనక్కర్లేదు. మన పేద పిల్లలకు ఈ ఆట అందినంత సులభంగా క్రికెట్ అందదు. చేజింగ్ టీమ్‌లో ఎనిమిది మంది గళ్లలో కూర్చుంటారు, ఒకరు ఇటు తిరిగితే పక్కవారు అటు. తొమ్మిదో పిల్ల తరుముతుంది. చిక్కకుండా తప్పించుకోవాల్సిన రన్నర్లు ముగ్గురేసి లోపలికి వస్తారు.

సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి మా అమ్మాయి ప్రాక్టీసు చూస్తుంటాను. కూర్చున్న పిల్ల ఊరికే కూర్చోదు. ఒక కాలు వెనక్కి పెట్టి, వేళ్లు నేలకు ఆనించి, రన్నర్ ఎటు తిరుగుతోందో కళ్లతోనే వెంటాడుతుంటుంది. వెనక నుంచి తరిమే పిల్ల చెయ్యి వీపు మీద పడాలి, అదే క్షణంలో "ఖో" అని వినిపించాలి. అంతకు ముందు లేస్తే ఫౌల్. లేచాక ఎటు అడుగేస్తే అటే పరుగెత్తాలి, మనసు మారిందని వెనక్కి తిరగడానికి లేదు, మధ్య గీత దాటడానికీ లేదు. దిక్కు మార్చాలంటే పోల్ దాకా వెళ్లి తిరిగి రావాలి, లేదా ఇంకొకరికి ఖో ఇచ్చి ఆ గడిలో తాను కూర్చోవాలి. తనకు చిక్కని రన్నర్ తోటి పిల్లకు చిక్కుతుందనిపించిన క్షణంలో ఖో ఇచ్చి కూర్చోవడం ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన విద్య. తరిమే వేడిలో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లకు అది అంత తేలిగ్గా రాదు. రోజూ ఆడగా ఆడగా వస్తుంది.

నేను గమనించింది ఇంకొకటి చెప్తాను. గ్రౌండ్లో ఫౌల్ చేస్తే విజిల్ పడుతుంది, అందరూ చూస్తారు. మరుక్షణం మళ్లీ ఆట. ఎవరూ ఏడవరు, దాక్కోరు. అదే పిల్ల నా క్లాసులో ఒక మాట తప్పు పలికి, వెనక బెంచీ వాళ్లు నవ్వితే, వారం రోజులు చెయ్యి ఎత్తదు. ఆటలాడితే ఇంగ్లీషు వచ్చేస్తుందని నేను చెప్పను. రాదు. మా ఖోఖో టీమ్‌లో ఇంగ్లీషు పేరా కూడా చదవలేని పిల్లలున్నారు. గ్రౌండ్ ఇచ్చేది గ్రౌండ్‌దే, క్లాసు ఇచ్చేది క్లాసుదే.

మరి దేన్నిబట్టి తేల్చుకోవాలి? నా దృష్టిలో ఒక్క సంగతే తేలుస్తుంది: ఈ రెండింటిలో ఏది వేరే చోట, వేరే వేళ కూడా దొరుకుతుంది, ఏది దొరకదు?

ఇంగ్లీషుకు ఒక పుస్తకం, వినే మనిషి ఒకరు చాలు. తెల్లవారుజామున దొరుకుతుంది, రాత్రి భోజనాలయ్యాక దొరుకుతుంది, ఆదివారం దొరుకుతుంది. ఈ ఏడాది దొరక్కపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది. డిగ్రీ అయ్యాక బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లి, ఉద్యోగం కోసం ఇంగ్లీషు పట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికి నలుగురున్నారు. ఆలస్యంగా మొదలుపెట్టారు, కష్టపడ్డారు, వచ్చింది.

ఖోఖో అలా కాదు. మిగతా పదకొండు మంది అక్కడే, అదే గంటలో ఉండాలి. నేర్పే సారు ఉండాలి, వెలుతురు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం వయసు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలుంటాయి. పుట్టిన తేదీ ఒక్క రోజు అటూ ఇటూ అయినా ఒప్పుకోరు. ఎనిమిదిలో, తొమ్మిదిలో ఆడని పిల్ల ఇంటర్లో కొత్తగా మొదలుపెట్టి సెలక్షన్స్‌కు వెళ్లడం నేనైతే చూడలేదు. ఇంటర్ కాలేజీల్లో చాలావాటికి అసలు గ్రౌండే లేదు. అంటే మన పిల్లలకు పోటీల్లో ఆడే అవకాశమంతా దాదాపు ఈ హైస్కూలు ఏళ్లలోనే ఉంది. అందుకే మా ఇంట్లో సాయంత్రం గ్రౌండ్‌కే ఇచ్చేశాం. ఇంగ్లీషు పొద్దున్నే పెట్టుకున్నాం.

2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. మన దేశపు మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు రెండూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి గెలిచాయి. గెలిచిన మగవాళ్ల జట్టులో మన ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. పల్లెటూరి గ్రౌండ్లో గీసిన సున్నపు గీతలు అక్కడిదాకా పోతాయని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలాగని ఆడిన ప్రతి పిల్లా ఢిల్లీ పోదు. మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ ఒక్కో మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు.

సర్టిఫికెట్ల గురించి అడుగుతుంటారు. ట్రిపుల్ ఐటీ సీట్లలో స్పోర్ట్స్ కోటా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను రెండు నుంచి మూడు శాతం చేసింది. అయితే ఆ కోటాల్లో బరువు తూగేవి జాతీయ, అంతర్జాతీయ స్థాయి సర్టిఫికెట్లు. మండల స్థాయి కాగితాన్ని నమ్ముకుని పిల్లను ఆడించకండి. ఆడాలని ఉంటే ఆడించండి.

ట్యూషనే మేలని నేను చెప్పే సందర్భం ఒకటుంది. ఇవాళే ఇంట్లో చూడండి. పిల్ల ఎప్పుడూ చదవని ఇంగ్లీషు పేరా ఒకటి, ఏడో తరగతి స్థాయిది, చేతికివ్వండి. పైకి చదవమనండి, తర్వాత అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. తప్పులు పోయినా విషయం చెప్పగలిగితే గ్రౌండ్‌కు పంపండి, మిగతాది బళ్లో మేం చూసుకుంటాం. మాటలు కూడబలుక్కోవడమే రాకపోతే మాత్రం ఆట కొన్నాళ్లు తగ్గించి ట్యూషన్‌కు పంపాల్సిందే. చేర్పించే ముందు అక్కడి మాస్టారిని ఒక్క మాట అడగండి: "మీ దగ్గర రోజూ ప్రతి పిల్లా పైకి చదువుతుందా?" రాయించడం తప్ప చదివించడం లేని చోట అయితే ఆ ఫీజు దండగ.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. కార్పొరేట్ హాస్టల్లో వేస్తే మార్కులు రావచ్చు, ఆట మాత్రం చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. కడపలోని క్రీడా పాఠశాల మంచిదే, కానీ అక్కడ చిన్న తరగతుల్లోనే చేర్చుకుంటారు, హైస్కూలు పిల్లకు ఆ దారి లేదు. ఫోన్లో స్పోకెన్ ఇంగ్లీషు వీడియోలు చూసినా నష్టం లేదు, కానీ పిల్ల నోరు తెరవకుండా చూసేది నాకు లెక్కలోకి రాదు.

గ్రౌండ్‌కు పంపాలని నిర్ణయించుకుంటే కొన్ని పనులు మీవే. ఆడపిల్లలను టోర్నమెంటుకు తీసుకెళ్లేటప్పుడు వెంట లేడీ టీచర్ ఎవరు వస్తున్నారో, రాత్రి బస ఎక్కడో ముందే అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. ప్రాక్టీసు అయ్యాక ఒకే దారిన వెళ్లే నలుగురైదుగురు పిల్లలు కలిసి ఇంటికి వచ్చేలా తల్లులంతా మాట్లాడుకోండి. ట్యూషన్ భరోసాకు బదులు మా వీధిలో మేం చేసుకున్న ఏర్పాటు ఇదే. సెలక్షన్స్‌కు వెళ్లిన రోజుల హాజరు గురించి పీఈటీ సారు చేత హెడ్‌మాస్టరుకు పేర్ల జాబితా ఇప్పించండి. ఆ రోజుల్లో ఏ పాఠం జరిగిందో ఒక ఫ్రెండు నోట్సు చూసి, వచ్చిన రోజే రాసుకోవాలి. వాయిదా వేస్తే టోర్నమెంట్ల సీజన్లో అవి కొండలా పేరుకుపోతాయి.

పొద్దున మేం చేసేది చాలా చిన్న పని. ఆరింటికి లేచాక మా అమ్మాయి నేను వంట చేస్తుంటే గడప మీద కూర్చుని పేజీన్నర పైకి చదువుతుంది. పెన్సిల్ రాతలు లేని పుస్తకం. తెలియని మాట వస్తే ఆగకుండా ముందుకు పోవాలి, పేరా అయ్యాక తిరిగి రావాలి. చివర్లో చదివినదాని గురించి సొంతంగా మూడు ఇంగ్లీషు వాక్యాలు చెప్పాలి, రాయక్కర్లేదు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేకపోయినా ఇది జరుగుతుంది. మీరు పక్కన కూర్చుని వింటే చాలు, పిల్ల ఎక్కడ తడబడుతోందో చదువు రాని తల్లికి కూడా తెలిసిపోతుంది. ఆ తడబడిన మాటల కింద గీత గీసి బడికి పంపండి, క్లాసులో మేం చెప్తాం.

పదో తరగతి వాళ్లకు ఒక్క సవరణ. స్కూల్ గేమ్స్ పోటీలు ఎక్కువగా ఆగస్టు నుంచి శీతాకాలం మొదలయ్యేదాకా నడుస్తాయి. డిసెంబరులో టెన్త్ ప్రత్యేక ప్రణాళిక మొదలై, సాయంత్రాలు స్టడీ అవర్లు పడతాయి, మార్చిలో పరీక్షలు. కాబట్టి నవంబరు దాకా నిశ్చింతగా ఆడనివ్వండి. ఆ తర్వాత వారానికి రెండు రోజులు గ్రౌండ్ చాలు, అది కూడా స్టడీ అవర్‌కు అడ్డు రాని వేళల్లో పెట్టుకోండి.