షటిల్‌ను విప్పి చూపించే ఉచిత కోర్సు

ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ‘ఎయిర్‌క్రాఫ్ట్ సిస్టమ్స్ ఇంజినీరింగ్’ అని ఒక కోర్సు ఉంది. 2005లో క్లాసు జరుగుతుండగా తీసిన వీడియోలు. పైసా కట్టక్కర్లేదు. పేరులో ఎయిర్‌క్రాఫ్ట్ ఉన్నా పాఠమంతా నాసా వాళ్ల రెక్కల అంతరిక్ష వాహనం స్పేస్ షటిల్ చుట్టూనే. రెక్క కొలతలు ఎలా లెక్కకట్టాలో నేర్చుకుందామని వచ్చేవాళ్లకు ఇది సరిపడదు. నాలాగా ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాస్తూ, పక్క టీమ్ నిర్ణయం వచ్చి మన కోడ్ మీద పడటం రోజూ చూసేవాళ్లు మాత్రం వదులుకోకూడదు.

చెప్పేవాళ్లు మామూలు మనుషులు కారు. ఐదుసార్లు షటిల్‌లో వెళ్లొచ్చిన జెఫ్రీ హాఫ్‌మన్, ఆర్బిటర్ (షటిల్‌లో మనుషులు కూర్చునే రెక్కల వాహనం) ప్రాజెక్టు మేనేజర్‌గా చేసిన ఆరన్ కోహెన్ కోర్సు నడిపిస్తారు. 2003లో కొలంబియా షటిల్ కూలిన ప్రమాదం మీద వేసిన దర్యాప్తు బోర్డు సభ్యురాలు షీలా విడ్నాల్ కూడా ఒక క్లాసు చెప్పారు.

నాకు అన్నిటికంటే నచ్చింది గోర్డన్ ఫుల్లర్టన్ క్లాసు. 1977 అక్టోబర్ 26న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, గాల్లో పరీక్షల కోసం కట్టిన షటిల్ ఎంటర్‌ప్రైజ్ దిగుతూ ఊగిపోయి, రన్‌వేను తాకి మళ్లీ పైకి లేచింది. అప్పుడు కమాండర్ ఫ్రెడ్ హేజ్ పక్క సీట్లో ఉన్నది ఈయనే. ఆ ఊగుడు మూలం ఎక్కడో ఉంది. భూమి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి బయల్దేరిన చోటే దిగాలంటే దారికి పక్కగా దాదాపు 2,000 కిలోమీటర్లు జరగగలగాలని అమెరికా వైమానిక దళం పట్టుబట్టింది. అందుకోసం డెల్టా రెక్క, అంటే త్రిభుజాకారపు రెక్క వచ్చింది. తోక దగ్గర విడిగా అడ్డ రెక్క లేదు కాబట్టి ముక్కు ఎత్తే పనీ, పక్కకు ఒరిగే పనీ రెక్క వెనక అంచున కదిలే పలకలైన ఎలివాన్లదే. పైలట్ స్టిక్ లాగగానే అవి పైకి లేస్తాయి, లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) తగ్గి వాహనం ముందు కాస్త దిగి, ఆ తర్వాతే ఎక్కుతుంది. కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లకు ఆ దిగడం తెలియదు. పైగా కంప్యూటర్ల గుండా వచ్చే ఆలస్యం. పైలట్ ఇంకాస్త లాగుతాడు, ఎక్కువైపోతుంది, వెంటనే నెడతాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏ భాగమూ పాడవలేదు. దీని మందు కూడా ఎగిరే కనిపెట్టారు: 1978లో నాసా డ్రైడెన్ పరీక్షా కేంద్రంలో ఎఫ్-8 ఫ్లై-బై-వైర్ (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ ద్వారా వెళ్లే) విమానానికి కావాలనే ఆలస్యం కలిపి ల్యాండింగ్‌లు చేశారు, ఊగుడును అణిచే ఫిల్టర్‌ను దాని మీదే పరీక్షించి షటిల్‌లో పెట్టారు.

వరసగా చూడక్కర్లేదు. ఏరోడైనమిక్స్ క్లాసు, వెంటనే ఫుల్లర్టన్‌ది చూడండి. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ఇస్తున్నది ఈ రెండే.